దొరసాని దిండుగుడ్డ

బీఏ పాసైన కబురుతో మహబూబ్‌నగర్ స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటివాణ్ణి. అడగనివాళ్లకూ చెబుతున్నాను. పక్కనే నేల మీద, ఒంటి నిండా అద్దాల బట్టలతో ఒక లంబాడీ అవ్వ ఎర్రగుడ్డకు అద్దాలు కుడుతోంది.

"బీఏకు ఎన్నేండ్లు పడ్తది బిడ్డా?"

"పద్నాలుగేండ్లు అవ్వా."

"గన్నేండ్లా? నాకు గీ కుట్టు నాలుగేండ్లకే వచ్చింది," అని నవ్వింది.

అంతలో ఆమె ఊరి దొర గడీ నుంచి గుమాస్తా వచ్చాడు. వాణ్ణి చూడగానే అలవాటుగా లేచి నిలబడ్డాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే రోత. అవ్వ లేవలేదు.

"దొరసాని దిండుగుడ్డ అయ్యిందానె? ఇగ గడీకి చీర కట్టుకొని రా. గీ అద్దాల యేషం మానుకో."

"దిండు మీద కావాలె, నా ఒంటి మీద ఒద్దా?"

"గుడ్డ దొరది. ఇటియ్యి."

ఈగను చూసినట్టు వాణ్ణి చూసింది. దారాలు పంటితో తెంపి లాగింది. అద్దాలన్నీ ఒక్కొక్కటే ఆమె ఒడిలో రాలాయి. ఉత్త గుడ్డ వాడి కాళ్ల దగ్గర పడేసింది.

"తీస్కపో. గుడ్డ మీ దొరదే."

"రేపు తండాకొచ్చి గడీకి గుంజకపోతం."

"రా," అంది, అద్దాలు ఓణీ చెంగులో మూటగడుతూ. "గీ బట్టల్లనే ఉంట."