ఏడో బస్సు మెయిళ్ళు

శ్రీ సిటీలో నేను పనిచేసే కంపెనీలో మెయిల్ సర్వరు చూసుకునేది నేనొక్కడినే. తిరుపతి నుంచి రోజూ పోయి రావడానికే నాలుగు గంటలు పడుతుంది. యాభై దాటిన నా నడుముకి అది చాలా ఎక్కువ. ఆఫీసులో అడుగు పెట్టినప్పటి నుంచే తిరిగి బస్సు ఎప్పుడెక్కుతానా అని చూస్తుంటాను. ఇదేమీ గొప్ప సంగతి కాదు. జరిగినదానికి కారణం ఇదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఫ్యాక్టరీ లైన్ మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ కంపెనీ మెయిల్ అడ్రసు ఉండాలని ఒకసారి పైనుంచి ఆర్డరు వచ్చింది. రోజంతా స్విచ్చులు బిగించేవాళ్ళకి కంప్యూటర్ ఎక్కడిది? ఫోన్లు కూడా గేటు దగ్గరే పెట్టించేస్తారు. అందుకని వాళ్ళందరినీ వర్చువల్ యూజర్లుగా పెట్టాను. అంటే పేరుకి అడ్రసు ఉంటుంది గానీ సర్వర్లో వాళ్ళకంటూ అకౌంటు ఉండదు. ఒక ఫైల్లో ఎడమ పక్క వాళ్ళ అడ్రసు, కుడి పక్క ఆ మెయిలు ఎక్కడికి పోవాలో రాస్తే చాలు. సర్వరు అటే పంపించేస్తుంది.

కుడి పక్క ఏం రాయాలన్నదే చిక్కు. చాలామందికి సొంత మెయిల్ లేదు, ఉన్నవాళ్ళకి పాస్‌వర్డు గుర్తు లేదు.

"బస్సు అన్నలకి పెట్టేయప్పా, వాళ్ళే సెప్పుకుంటారు," అన్నాడు మా మేనేజరు.

శ్రీకాళహస్తి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడపిల్లలు కంపెనీ బస్సుల్లో వస్తారు. ప్రతి బస్సుకీ ఒక అన్న ఉంటాడు. లైన్లో సూపర్‌వైజరే, వాళ్ళ ఊళ్ళ పక్కవాడే. బస్సులో హాజరు వేసేది ఆయనే, ఆలస్యమైతే ఇళ్ళకి ఫోన్ చేసి చెప్పేదీ ఆయనే. ఆ అన్న ఉన్నాడనే ధైర్యంతోనే పిల్లల్ని పనికి పంపిస్తారు. అందుకే ఏడో బస్సు పిల్లల మెయిళ్ళన్నీ ఏడో బస్సు అన్న ఫోనుకి. ఫైల్లో నలభై లైన్లు, కుడి పక్క అన్నిటికీ ఒకటే అడ్రసు. కాపీ కొట్టి పేస్టు చేశాను. మధ్యాహ్నానికల్లా పని తెమిలిపోయిందని సంబరపడ్డాను కూడా.

కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం, షిఫ్టు దిగి ఒక అమ్మాయి నా గది ముందుకొచ్చి నిలబడింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. చెప్పులు బయటే విడిచింది.

"సార్, నేను ఏడో బస్సు. నా మెయిలు నాకే వచ్చేట్టు సేస్తారా?"

"ఎందుకమ్మా, మీ అన్న చెప్పట్లేదా?" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. వెనక ఎవరూ లేరని చూసుకుని అంది. "ఆయప్ప మీదనే హెడ్డాఫీసుకి రాసినా సార్. బస్సులో ఆయప్ప పక్క సీట్లోనే కూసోమంటాడు. కూసోకుంటే ఆబ్సెంట్ ఏస్తాడు. కంపెనీ అడ్రసు రాస్తేనే కంప్లయింటు తీసుకుంటారంట, జవాబూ దానికే వస్తాదంట. అది ఆయప్ప ఫోన్లో పడితే మా నాయనకి ఇంగోరకంగా సెప్తాడు. ఇంగ నన్ను ఇల్లు దాటనీరు."

ఆ నలభై లైన్లు రాసింది నేనే కదా. ఆమె చీటీ మీద రాసి తెచ్చిన సొంత మెయిల్ అడ్రసు తీసుకుని ఫైలు తెరిచాను. ఆమె లైన్లో అన్న అడ్రసు తీసేసి ఆమెది పెట్టాను. బయట తిరుపతి బస్సు హారన్ కొడుతోంది.

"అయిపోయిందమ్మా. ఇంక నీవి నీకే వస్తాయి."

"సల్లగా ఉండండి సార్," అంది. ఆ వయసు పిల్ల నోట్లోంచి ఆ మాట వింతగా వినిపించింది. ఫైలు సేవ్ చేసి, బ్యాగు తీసుకుని పరిగెత్తాను.

రాసి సేవ్ చేస్తే సరిపోదు. ఆ ఫైలును సర్వరు చదివే రూపంలోకి మార్చడానికి ఇంకొక కమాండు కొట్టాలి. కొట్టేదాకా సర్వరు పాత అడ్రసులకే పంపుతూ ఉంటుంది. రెండు సెకన్ల పని, ఇన్నేళ్ళుగా చేస్తున్న పని. ఆ సాయంత్రం కొట్టలేదు.

మూడో రోజు కొత్తగా చేరినవాళ్ళ అడ్రసులు ఎక్కించి కమాండు కొడుతుంటే ఆ సాయంత్రం కొట్టలేదని గుర్తొచ్చింది. ఏ మెయిలు ఎక్కడికి పోయిందో సర్వరు రాసుకునే లాగ్ తెరిచి చూశాను. ముందు రోజు ఉదయమే హెడ్డాఫీసు నుంచి ఆమెకి జవాబు వచ్చింది. నేరుగా అన్న ఫోనుకి పోయింది. అట్లాంటి జవాబుల్లో పైన 'మీ ఫిర్యాదు అందింది' అని ఉంటుంది, కింద మనం రాసిందంతా అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది. ఆమె పనిచేసే లైన్లోకి పోయి చూశాను. ఆమె స్టూలు ఖాళీగా ఉంది. పక్కనున్న అమ్మాయి తలెత్తలేదు.

వారం తర్వాత ఆమె తండ్రి వచ్చాడు, ఐడీ కార్డు, రెండు జతల యూనిఫాం సంచిలో పెట్టుకుని. పని మానేసేవాళ్ళ కాగితం మీద నా సంతకం కూడా కావాలి, మెయిల్ అడ్రసు తీసేశామని. ఎండకి మాడిన మనిషి, చొక్కా మాత్రం ఇస్త్రీది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఏడో బస్సు అన్న మంచోడు కాబట్టి ముందే సెప్పినాడు సార్. ఎవురెవురికో ఏందేందో రాస్తా ఉండాదంట. దాని ఫోను తీసి దాచిపెట్టేసినా. మీరు సదువుకున్నోళ్ళు, సెప్పండి. నా కూతురు అంత తప్పు ఏం రాసింది?"

ఆమె తప్పేమీ రాయలేదు, తప్పు నాదీ, ఆ బస్సు అన్నదీ. ఈ ముక్క చెప్పడానికి నిమిషం చాలు. చెబితే కమాండు సంగతి బయటపడుతుంది, మేనేజరు పిలుస్తాడు, అన్న అడుగుతాడు. ఇవన్నీ ఒక్కసారిగా బుర్రలో తిరిగాయి. "నాకు తెలియదండీ," అన్నాను. సంతకం పెట్టాను. ఆయన నాకు దండం పెట్టి వెళ్ళాడు.

నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది. ఆ రోజే ఏడో బస్సు లైన్లన్నిటిలోంచీ అన్న అడ్రసు తీసేశాను. మూడు రోజులకి మేనేజరు మళ్ళీ పెట్టమన్నాడు. ఎందుకు పెట్టకూడదో చెప్పాలంటే మొత్తం చెప్పాలి. పెట్టాను. ఈసారి కమాండు మర్చిపోలేదు.

ఆమె లైను మాత్రం తీసెయ్యలేదు, సంతకం పెట్టి కూడా. పది రోజులకి హెడ్డాఫీసు నుంచి రెండో మెయిలు వచ్చింది, ఆమెకి. ఈసారి సరిగ్గా ఆమె సొంత అడ్రసుకే పోయింది. దాని వెనకే నేనూ ఒకటి రాశాను. తప్పు నాదని, వాళ్ళ నాయన అడిగినప్పుడు అబద్ధం చెప్పానని, ఆయనకి చూపించమని. ఎదురుగా నిలబడి అడిగిన మనిషికి చెప్పలేనిది, ఆయనే దాచిపెట్టిన ఫోనుకి పంపించాను.

రెండూ చేరినట్టే లాగ్‌లో ఉంది. జవాబు రాలేదు. వాళ్ళ ఊరు మా తిరుపతి బస్సు దారిలోనే, అరగంట ముందు దిగితే చాలు. ఇంతవరకూ దిగలేదు.