గర్భసంచి లేని మనిషి రక్తం

దయ్యాల కథలు మా వాడకట్టు పిల్లలకు చెప్పేది నేనే. అల్లి చెప్పేదాన్ని కాబట్టే ఏనాడూ నమ్మలేదు. ఇది మాత్రం అల్లింది కాదు.

మాది భద్రాచలం పోయే దారిలో అడవి మొదలయ్యే చోట ఊరు. నేను చిన్నప్పుడే బడి మానేశాను. నా బిడ్డ స్వప్న మాత్రం హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో పరిశోధన చేస్తోంది. కడుపుతో ఉన్నవాళ్ళకు బొడ్డుతాడు అంటి ఉండే మాయలో పుట్టే ఒక హార్మోన్ మీద దాని పని. రక్తంలో ఆ హార్మోన్‌ను పట్టడానికి యాంటీబాడీ అనేది కావాలట. రకరకాలవి అమ్ముతారట. సరైనదాన్ని ఏరుకోవడమే కష్టం.

"మందల మన మేకను పట్టుడు లెక్కనే అమ్మా. గంట కట్టిన ప్రతి మేకను పట్టుకొచ్చేది నాకు పనికిరాదు" అని చెప్పింది.

ఇదివరకు తప్పుది ఎంచుకుంటే చేసిన పనంతా మట్టిపాలైంది. ఈసారీ తప్పితే సీటే పోతుందని దాని భయం.

మూడు రకాలు తెప్పించుకుంది. వాటిని పరీక్షించాలంటే ఆ హార్మోన్ అసలే లేని రక్తం కావాలి. దాంట్లోనూ రంగు తేలితే ఆ రకం తప్పుదని లెక్కట. సెలవుకు వచ్చినప్పుడు నన్నే అడిగింది. "నీకు గర్భసంచే లేకపాయె. నీకన్న ఖాళీ ఎవ్వరుంటరు?"

"అవ్ బిడ్డా, ఖాళీ ఇల్లే. కిరాయికి గూడ ఎవ్వరు రారు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఊరి నర్సమ్మ రక్తం తీసింది. స్వప్న దాన్ని ఐసు డబ్బాలో పెట్టుకుని బస్సెక్కింది.

తర్వాతి వారం కల్లంలో మిరపకాయలు ఏరుతుంటే ఫోన్ వచ్చింది. "అమ్మా, కడుపుల ఏమన్న గడ్డ తగులుతున్నదా?" గర్భసంచి లేనివాళ్ళకు ఆ హార్మోన్ ఉంటే ఏదో గడ్డ వల్లనే కావచ్చట. నా రక్తానికి మూడింటిలోనూ రంగు తేలిందట. మూడూ ఒక్కసారే తప్పవు అంది. "ఏడో నెల నడుస్తున్నామెకు ఉన్నంత ఉన్నదమ్మా."

ఏరుతున్న కాయలు అట్లే వదిలేసి లేచాను.

స్వప్న తర్వాత నాకు ఇంకో బిడ్డ. ఏడో నెలలో కడుపులోనే పోయింది. ఆ రోజే గర్భసంచి తీసేశారు. స్వప్న అప్పటికి పాలు తాగే పిల్ల. ఆ బిడ్డ సంగతి దానికి నేనెప్పుడూ చెప్పలేదు.

ఖమ్మం దవాఖానాలో స్కానింగ్ తీశారు. గడ్డ లేదు, ఏమీ లేదు. మళ్ళీ రక్తం తీసి స్వప్న ల్యాబ్‌లో చూస్తే మూడింటిలో ఏ ఒక్కదానిలోనూ రంగు రాలేదు. మొదటి గొట్టం మారిందేమోనని అందులో మిగిలిన రక్తం నాదేనా అని కూడా చూశారు. నాదే. దాన్ని మళ్ళీ పెడితే మళ్ళీ రంగు తేలింది.

గర్భసంచి తీసేసిన వేరే ఆడవాళ్ళ రక్తంతో చూసుకుని స్వప్న ఒకదాన్ని ఎంచుకుంది. పని సాగుతోంది. నా మొదటి గొట్టంలో ఎందుకట్లా అయిందో మాత్రం ల్యాబ్‌లో పెద్దసారు కూడా చెప్పలేకపోయారు.

మొన్న మళ్ళీ ఫోన్ చేసింది. పాత రక్తాలు పారెయ్యాలట. "నీది గూడ తీసెయ్యనా అమ్మా?"

ఆనాడు కడుపులో పోయిన బిడ్డను నాకు చూపకుండానే బట్టలో చుట్టి తీసుకుపోయారు. నన్నెవరూ అడగలేదు.

నా రక్తంలో ఆ రంగు ఎట్లా తేలిందో నాకు ఈనాటికీ తెలియదు. "ఉండనియ్యి బిడ్డా" అన్నాను.