కోచ్‌గారి కంటి పరీక్ష

డిపోలో ఆ బస్సు డ్రైవర్ని అందరూ కోచ్‌గారనే పిలుస్తారు. పొద్దున్నే బస్సు అద్దం తుడుస్తూ ఊరి ఫుట్‌బాల్ జట్టులో ఎవరుండాలో, ఎవరు పోవాలో తేల్చేస్తాడు. "ఆ గోల్‌కీపర్‌కి చూపు ఆనడం లేదు. వాణ్ణింకా ఆడిస్తున్న కోచ్‌కి బుద్ధి లేదు," అని ఏడాదిగా ఒకటే పాట. పదకొండుమంది పేర్లూ, చొక్కాల మీది అంకెలూ కంఠతా వచ్చు. ఈమధ్య మాత్రం అద్దాన్ని అరగంటసేపు తుడుస్తున్నాడు, మసక అద్దంలో లేదని తెలిసి కూడా. నిన్న గోల్‌కీపర్ మళ్ళీ బంతి వదిలేశాడు. "ఇక పీకెయ్యాల్సిందేగా కోచ్‌గారూ?" అని కండక్టర్ కదిపితే, "పోనీలేవోయ్, ఎంత అనుభవం వాడిది," అని గొణిగి తల తిప్పుకున్నాడు.

ఇవాళ డ్రైవర్లకి కంటి పరీక్ష. గోడకి తగిలించే అట్ట మీది అక్షరాలు కిందటేడే కాగితం మీద రాసుకొచ్చాడు. వారం నుంచీ భార్యకి అప్పజెబుతున్నాడు. స్టీరింగ్ తప్ప మరో పని ఎరగడు. పేరు పిలవగానే లోపలికెళ్ళాడు. కుర్చీలో కూర్చుని, ఎదురుగా తెల్లగా కనిపిస్తున్న దానికేసి చూస్తూ, అడక్కముందే ఐదు వరుసలూ గడగడా చదివేశాడు.

డాక్టరమ్మ మెల్లగా అంది: "అట్ట నా చేతిలోనే ఉందండీ. ఇంకా తగిలించలేదు."