కోళ్ల గంపలో అమ్మ చీర

మా పెట్టను ముంగిస పట్టుకుపోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది పక్కింటి పిన్నిగారు. రాజోలు దారిలో ఉన్న కొబ్బరి పీచు మిల్లుకి ఆవిడ మా దొడ్డిలోంచే నడిచి వెళతారు. ఆ ఉదయం ముసురులో తల మీద గోనె కప్పుకుని గుమ్మంలో నిలబడి, "ఏవమ్మా, మీ పెట్ట ఇక రాదు. బోదె కాలవ గట్టున ఈకలే ఉన్నాయి. పిల్లల్ని లోపలికి తెచ్చుకో" అని చెప్పి వెళ్లిపోయారు.

ఆ పెట్టను గుడ్ల మీద కూర్చోబెట్టింది మా అమ్మ. అవి పిల్లలయ్యేసరికి అమ్మ లేదు. బడి మొహం చూడని నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది, ప్రార్థన నేర్పింది. కోడిపిల్లల్ని సాకడం మాత్రం నేర్పలేదు; ఆ పని నా దాకా రానివ్వలేదు. ఇవి కూడా పోతే ఈ దొడ్డిలో అమ్మ మొదలుపెట్టిన పని ఏదీ మిగలదు.

వానకి కరెంటు లేదు, బల్బు పెట్టే వీలు లేదు. మెత్తగా ఉంటుంది కదా అని బుట్ట నిండా పీచు పొట్టు పోశాను. మా వైపు దానికేం కొదవ? మధ్యలో వేడినీళ్ల చెంబు, చుట్టూ పిల్లల్ని పెట్టాను. మధ్యాహ్నానికి పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒకటే అరుపు. ఒకటి మెడ వాల్చేసింది. వాటి ముందు కూర్చుని దేవుణ్ణి పిలిచాను. పిలిస్తే ఇంట్లో నా గొంతే వినిపించింది.

భోజనం వేళకి పిన్నిగారు వచ్చి బుట్టలో చెయ్యి పెట్టారు.

"పొట్టు పోసేవా?"

"ఆయ్, పోసేనండి."

"నీ అమ్మ కడుపు చల్లగుండ! అది వాన చెమ్మంతా తాగేసుద్దే. పొద్దస్తమానూ అందులోనే నుంచుంటాను, నా కాళ్లనడుగు చెబుతాయి." అన్నాక, అమ్మ మాట వచ్చిందని నాలుక కరుచుకున్నారు.

పొట్టు పారబోసి నేల మీద పొడి ఊక పరిచారు. చెంబుకి గుడ్డ చుట్టారు. "వేడొక్కటే చాలదమ్మా, దూరడానికి రెక్కలు కావాలి. పాత నూలు చీరుందా?"

ఉంది. పెట్టెలో, అమ్మ మడిచిన మడతలోనే ఉంది. తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"మీ అమ్మయితే ఈపాటికి చింపేసుండేది," అన్నారు మెల్లిగా.

అంచు దగ్గర పంటితో కొరికి నేనే చింపాను. ఆ పేలికల్ని కోళ్ల గంప లోపలి బద్దలకి దగ్గరదగ్గరగా కట్టి, కిందికి వేలాడదీసి, చెంబు మీదుగా బోర్లించాం. పిల్లల్ని అంచు కింద నుంచి ఒక్కొక్కటిగా తోశాం. అవి పేలికల మధ్యకి దూరాయి. అరుపు తగ్గింది, ఆగింది.

"చలేస్తే అరుస్తాయి. ఊరుకున్నాయంటే సుఖంగా ఉన్నట్టే," అన్నారు పిన్నిగారు. ఆ పూట మళ్లీ మిల్లుకి వెళ్లలేదు. చెంబు చల్లారినప్పుడల్లా నీళ్లు మారుస్తూ నాతోనే ఉన్నారు.

మెడ వాల్చినది దక్కలేదు. మిగతావి ఇప్పుడు ఈకలొచ్చి దొడ్డంతా కెలుకుతున్నాయి. స్తోత్రం. ఆ రోజు నా పిలుపు విన్న దేవుడు మిల్లు దారినే వచ్చాడని నా నమ్మకం.

పిన్నిగారికి పీచు దుమ్ము పడక ఈ మధ్య దగ్గు ఎక్కువైంది. గోడ ఇవతలికి వినిపిస్తూ ఉంటుంది. మీరు ఏ దేవుడికి దణ్ణం పెట్టుకున్నా సరే, ఆవిణ్ణి ఒక్కసారి తలుచుకోండి.