ఉండమన్న చోట

"ముసలాయన్ను యాడ పెట్టినావవ్వా?"

"నేనేమన్నా డబ్బాలో పెట్టి మూతేసినానా? ఉండమన్న చోట ఉండాడు."

"అదే, ఏ చోట?"

"ఉండే చోటే."

"అవ్వా, ఆటలొద్దు. పొద్దున్నే నేను పోవాల. ఈ పొద్దు ఇది ముగించాల్సిందే. ఆయప్ప లేకుంటే గుహలోకి పోయేకి కాదు. లాంతరు ఆయప్ప చేతిలో ఉండాది."

"అందుకే దాచినా."

"కావాలనే దాచినావా?"

"మరి? లోపలికి తీస్కపోయి చంపిస్తావంట. నువ్వే చెప్తివి."

"అది కథ! ఎవరు ఆడినా ఆయప్ప ఆ గుహలో చచ్చిపోయేదే!"

"నేనాడితే చావడు."

"నీ ఆట కాదే అది, నాది!"

ఆదివారం సాయంత్రం ఐదున్నరకు మా ఇంట్లో జరిగిన గొడవ ఇది. బయట వాన. ఇల్లు పీణ్యలో, చిన్న చిన్న ఫ్యాక్టరీ షెడ్డుల వెనక రెండు గదులు. అరుస్తున్నది నా కూతురి కూతురు. మూడేళ్ళ కిందట హిందూపురం నుంచి ఉద్యోగానికి వచ్చి నా దగ్గరే ఉంటోంది. ఆఫీసు ఊరికి ఆ చివర, మహదేవపురలో. రోజూ పోను రాను నాలుగు గంటలు బస్సులోనే గడిచిపోతున్నాయని అక్కడికి కాస్త దగ్గరగా మడివాళలో పీజీ హాస్టలు చూసుకుంది. మరునాడు పొద్దున సామాను సర్దుకుని పోవాలి. ముసలాయన అంటే మనిషి కాడు. దాని ల్యాప్‌టాప్‌లో ఉండే ఆటలో మనిషి.

ఆ ఆటలోకి నన్ను దింపింది కూడా అదే. ఒకరోజు జ్వరమొచ్చి ఇంటి నుంచే పని చేస్తూ, "అవ్వా, నాకు ఆఫీసు కాల్ ఉండాది, అంతలోగా నువ్వు ఈ ఆకులు కోసి పెట్టు," అంది. గోంగూర తుంచమన్నంత సులువుగా చెప్పింది. రెండు చేతులతో పట్టుకునే మీటల పెట్టె ఒకటి ఇచ్చి, ఏది నొక్కితే నడుస్తారో, ఏది నొక్కితే వంగి తీస్తారో చూపించింది. కత్తి దేనితో తీస్తారో కూడా చూపించబోయింది. అది నాకు అక్కర్లేదన్నాను. ఆ రోజు నుంచి అది ఆఫీసుకు పోయే రోజుల్లో ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంటే, మధ్యాహ్నం గిన్నెలు కడుక్కున్నాక నేనూ ఆ అడవిలోకి పోయేదాన్ని.

అది ఆడే పద్ధతి నాకు సరిపడదు. పరిగెత్తడం తప్ప నడక తెలియదు దానికి. ఊరు కనిపిస్తే చాలు, కత్తి దూస్తుంది. మందు సీసా దొరికిందా, చిన్న దెబ్బకే గటగటా తాగేస్తుంది. ఒక చోటు నుంచి ఇంకో చోటికి పోవాలంటే పటం మీద వేలు పెట్టి ఎగిరిపోతుంది. కాళ్ళిచ్చింది ఎందుకో! నేను నడిచే పోతాను. దారిలో ఏది కనబడినా తీస్తాను. పుట్టగొడుగులు, నారతాడు, ఖాళీ కుండలు, కాలి మిగిలిన కొవ్వొత్తి ముక్కలు. బరువెక్కువైతే ఆటలో మనిషి కాళ్ళు ఈడుస్తూ నడుస్తుంది. "ఇంత చెత్త ఏంటికే? బేజారైతాది చూస్తే," అని మనవరాలు తల కొట్టుకునేది. మోసినవాళ్ళకే తెలుస్తుంది దేనికి పనికొస్తుందో. తోడేళ్ళు వెంటపడితే ఏదో ఒక ఇంట్లోకి దూరి తలుపేసుకుంటాను. తోడేలు ఎంతసేపు ఉంటుంది? మందు సీసాలు మాత్రం ఒక్కటీ తాగలేదు. అడవి అంచున ఒక గుడిసె ఉంది మాకు, అందులో వరసగా పేర్చి పెట్టాను. రేపు ఏం వస్తుందో ఎవరికి తెలుసు?

ఇంక తోడు వచ్చే మనుషుల సంగతి. ఆ ఆటలో ఒకసారికి ఒక్కరే మన వెంట నడుస్తారు. కొత్తవాళ్ళను పిలవాలంటే పాతవాళ్ళను వదలాలి. వాళ్ళ ముందు నిలబడితే మూడు మాటలు వస్తాయి. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, ఇంగ్లీషు రాదు. మనవరాలు చదివి చెప్పింది. మొదటిది, నాతో రా. రెండోది, ఇక్కడే ఉండు. అన్నిటికన్నా చిన్నది, ఇంగ్లీషులో రెండే అక్షరాలది, పో.

ఆ మూడోది నేను ఎన్నడూ నొక్కలేదు.

గడప దాటే మనిషిని పో అనకూడదు. పోయి రా అనాలి. పోయేవాళ్ళు కూడా పోతాను అనరు, పోయొస్తా అంటారు. ఇది నేను కనిపెట్టింది కాదు, మావైపు పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ నాకు ఇంకొంచెం ఎక్కువ తెలుసు.

నా మొగుడు ఇక్కడే ఒక షెడ్డులో లేత్ మిషన్ మీద పని చేసేవాడు. ముప్పై ఏళ్ళు దాటింది. ఒకరోజు పొద్దున క్యారియరు మూత తీసి చూసి, "మళ్ళీ నిన్నటి సంగటేనా?" అన్నాడు. మిగిలింది పారేసే ఇల్లు కాదు నాది. "తింటే తిను, లేకుంటే పో," అన్నాను. రోజూ గడప మీద నిలబడి పోయొస్తా అనే మనిషి ఆరోజు ఏమీ అనలేదు. పోయాడు. సాయంత్రం షిఫ్టు ముగిశాక గేటు దాటుతుంటే చూశామన్నారు. ఇంటికి రాలేదు. మరునాడు వెళ్ళి చూస్తే సైకిలు స్టాండులోనే ఉంది. హ్యాండిలుకు క్యారియరు తగిలించి ఉంది. తెరిచి చూశాను. సంగటంతా తినేసి, గిన్నెలు శుభ్రంగా కడిగి పెట్టాడు.

అంతే. తర్వాత ఏ ఊరి నుంచీ, ఏ ఆస్పత్రి నుంచీ ఏ కబురూ లేదు. బొట్టు తీసేయమని చెప్పినవాళ్ళు చెప్పారు. నేను తీయలేదు. ఆ తర్వాత ఎవరినీ పో అనలేదు. చివరికి పిల్లిని కూడా.

అందుకే ఆటలోనూ అందరినీ ఉండు అనే అన్నాను. విల్లు పట్టుకున్న పిల్లను ఒక వంతెన మీద ఉండమన్నాను. గొర్రెలవాడిని మంచు కొండ కింద, మూగవాడొకడిని పాడుబడిన పిండిమిల్లులో ఉండమన్నాను. కదలరు. ఉండమన్న చోట అట్లే ఉంటారు.

మా ఇంట్లో మధ్యాహ్నం రెండు గంటల ఎండ కాసేది. ఆ ఆటలో మాత్రం, నేను ఎప్పుడు తెరిచినా పొద్దు వాలే వేళే. చుట్టూ షెడ్డుల్లో భోజనానికి మిషన్లు ఆపితే, చెవుల్లో దూది పెట్టినట్టు ఉండేది. ఆ నిశ్శబ్దంలో వంతెన మీద వాన పడే చప్పుడొకటే వినబడేది. విల్లు పిల్లకు ఒకసారి రొట్టె ఇచ్చాను. ఎన్నో రోజుల తర్వాత మళ్ళీ అటు పోతే ఆ రొట్టె చేతిలో అట్లే ఉంది. తినలేదు, బూజూ పట్టలేదు. నేను వంతెన మీద ఎటు నడిస్తే అటు తల తిప్పింది.

ఇంకొకరోజు ఆట ఆపకుండానే కొత్తిమీర కోసం అంగడికి పోయి వచ్చాను. తెర మీద నా మనిషి వంతెన మీద నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. విల్లు పిల్ల దాని వైపు చూడటం లేదు. తెర లోపలి నుంచి మా వాకిలి వైపు చూస్తోంది. నేను లోపలికి వచ్చినా చూపు తిప్పలేదు. నా వెనక ఇంకెవరైనా వస్తారని చూస్తున్నట్టు. సాయంత్రం మనవరాలికి చెబితే, "సుమ్నే ఉండవ్వా, ఏం కాలేదు, కెమెరా అట్ల తిరిగింటాది," అంది. నమ్మాను. కానీ ఆ రోజు నుంచి బయటికి పోతే ల్యాప్‌టాప్ మీద తువ్వాలు కప్పి పోయేదాన్ని. కప్పి, పోయొస్తా అని చెప్పి మరీ పోయేదాన్ని.

లాంతరు ముసలాయన మనవరాలి మనిషి. మొదటి నుంచీ దానితోనే నడిచాడు. ఉండమంటే ఒకే మాట అనేవాడు. దాని అర్థం కూడా మనవరాలే చెప్పింది. నువ్వొచ్చేదాకా ఇక్కడే ఉంటా. పోయిన వారం అది అన్నం తింటూ, గుహలో ఆయన లాంతరు పట్టుకుని నిలబడతాడనీ, మనం మాత్రం బయటికి వస్తామనీ, అదే ఆట ముగింపనీ చెప్పింది. మరునాడు మధ్యాహ్నం నేను ఆయన్ను వెంటబెట్టుకుని, ఎవరూ పోని దారిలో నడిచి, ఒక దిగుడుబావి పక్కన ఉండమన్నాను. మెట్ల పక్కన గోడ చాటు ఉంది, గాలి తగలదు.

ఆ ఆదివారం ఎంత గొడవ పడినా చెప్పకూడదనే అనుకున్నాను. కానీ అది ఏడుపు గొంతుతో, "మూడేళ్ళుగా ఆడతాండానవ్వా, ఈ ఇంట్లోనే మొదలుపెట్టినా, ఈ ఇంట్లోనే ముగించాలనుకున్నా," అనేసరికి నోరు తెరిచాను.

"దిగుడుబావి దగ్గర ఉండాడు. గోడ చాటున."

పటం మీద వేలు పెట్టి అటు ఎగిరింది. ఇద్దరం తెర మీదికి వంగి చూశాం. బావి ఉంది. గోడ ఉంది. నేల మీద లాంతరు ఉంది, వెలుగుతూనే ఉంది. మనిషి లేడు.

బావి చుట్టూ తిరిగింది. మెట్లు దిగింది. అడుగున నీళ్ళు, నీళ్ళలో లాంతరు వెలుతురు. పైకొచ్చి పిలిచే మీట నొక్కింది. నొక్కినప్పుడల్లా దాని మనిషి గొంతు బావిలోకి పోయి తిరిగొచ్చింది. పక్క షెడ్డులో ఆదివారం పని లేదు. వాన కూడా ఆగింది. నాకు మళ్ళీ సైకిలు స్టాండు ముందు నిలబడినట్టే ఉంది.

"నిజం చెప్పు. పో అన్నావా?"

"నేనా? ఉండమన్నా!"

"ఉండమంటే ఉండాల కదా. ఒక్కోసారి ఆటలో తప్పు జరిగి మనుషులు నేలలోకి దిగిపోతారు. ఇన్ని దినాలు ఒకే చోట నిలబెడితే ఇంకేమైతాది? నీ పద్ధతే అంత. సీసాలు తాగవు, మనుషుల్ని వదలవు. అందర్నీ యాడోచోట నిలబెట్టి పెట్టుకుంటావు. ఆ పిల్లను వంతెన మీద, నన్ను ఈ ఇంట్లో. నేను పోతాననే కదా ఆయప్పను దాచింది?"

"నోర్మూసుకో."

"తాత కూడా నిలబెట్టించుకునేకి ఇష్టం లేకనే పోయింటాడు!"

"అయితే నువ్వూ పో!"

మాట నోట్లోంచి వచ్చేసింది. దాని ముఖం చూశాను. దానికీ తెలుసు. ఈ ఇంట్లో ఆ మాట ఎందుకు అనరో చిన్నప్పుడే వాళ్ళమ్మ చెప్పింది. ల్యాప్‌టాప్ మూసేసింది. ఆ మూత సందులోంచి లాంతరు వెలుగు కాసేపు సన్నగా కనబడి ఆరిపోయింది. తర్వాత ఎవరి కంచం వాళ్ళు తిన్నాం. అది సామాను సర్దుకుంది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. అన్న మాటను వెనక్కి తీసుకునే మీట ఏ ఆటలోనూ లేదు. కానీ ఆ మాట దాన్ని పూర్తిగా తీసుకుపోకముందే ఏదో ఒకటి చేయాలి.

పొద్దున ఐదున్నరకు అది స్నానానికి పోయింది. నేను దాని బ్యాగు తెరిచి, ల్యాప్‌టాప్ చార్జరు తీసి, బియ్యం డబ్బాలో దాచి, పైన బియ్యం సర్ది మూత పెట్టాను. ఆరున్నరకు క్యాబ్ వచ్చింది. అది కాఫీ తాగింది. గడప మీద నిలబడింది. పోయొస్తా అనలేదు. "సరే" అని పోయింది. బండి వీధి మలుపు తిరిగేదాకా చూసి, వంద అంకెలు లెక్కపెట్టి ఫోన్ చేశాను.

"చార్జరు మర్చిపోయినావు."

"లేదే, పెట్టుకున్నానే."

"బియ్యం డబ్బాలో ఉండాది."

"బియ్యం డబ్బాలోకి ఎట్ల పోయిందవ్వా?"

"వచ్చి చూస్కో."

క్యాబ్ వెనక్కి వచ్చింది. అది ముఖం చిట్లించుకుని లోపలికి వచ్చి, "బయల్దేరినాక వెనక్కి రాకూడదంటావే నువ్వు, అపశకునమని," అంది.

"ఈ పొద్దు పర్లేదు. కూర్చో. నీళ్ళు తాగు."

కూర్చుంది. గ్లాసెడు నీళ్ళు తాగింది. బియ్యంలో చెయ్యి పెట్టి చార్జరు బయటికి లాగి, విదిలించింది. "లాంతరు ఆ బావి దగ్గరే ఉండాది. పొద్దున చూసినా. ఇంకా ఎలుగుతాండాది," అంది.

"ఉండనీ," అన్నాను.

బయట డ్రైవరు హారన్ కొట్టాడు. అది లేచి, గడప దాటి, చెప్పులేసుకుంది.

"పోయొస్తావా?" అన్నాను.

"పోయొస్తా."

"పోయి రా."

ఏడుకు క్యాబ్ పోయింది. నేను కింద పడిన బియ్యం గింజలు ఏరి, డబ్బాలో వేసి మూత పెట్టాను.