పోర్టు పట్టీతో చేసిన క్లిప్పులు

మా ఆయన నడుం విరిగిన నాలుగు నెలలకి మొదటిసారి నన్నొక ప్రశ్న అడిగాడు. అది తన గురించి కాదు, నా గురించీ కాదు. జడ క్లిప్పు గురించి.

తొంభైల మధ్యలో సంగతి. అప్పుడు మేం పూర్ణా మార్కెట్ వెనక సందులో, ఒక గదీ ముందు చిన్న వరండా ఉన్న వాటాలో ఉండేవాళ్ళం. ఆయన ఫిట్టరు. గాజువాక అవతల ఎవరో కాంట్రాక్టరు కింద షెడ్డు పనికి వెళ్ళి, ఇనప దూలం మీద కాలు జారి పడ్డాడు. ఆసుపత్రిలో రెండు నెలలుంచి, ఇక నడుం కింద కదలిక రాదని చెప్పి ఇంటికి పంపారు. వచ్చిన దగ్గర్నుంచీ గోడ వైపు తిరిగి పడుకోవడమే. ఒళ్ళు తుడిచినా, అన్నం కలిపి పెట్టినా మాట లేదు. మాకు పిల్లలు లేరు. మొదట్లో నేనొక్కదాన్నే ఏదో ఒకటి మాట్లాడుతుండేదాన్ని. కొన్నాళ్ళకి నాకూ మాటలు అయిపోయాయి.

మార్కెట్లో ఒక ఫ్యాన్సీ షాపుకి నేను ఇంటి దగ్గరే పని చేసేదాన్ని. వాళ్ళు ఉత్త క్లిప్పులు సంచిలో పోసి ఇస్తే వాటిమీద పూసలు, రాళ్ళు, రిబ్బను పువ్వులు గమ్ముతో అంటించి తిరిగివ్వాలి. పైన అంటించడమే నా పని. కింద ఉన్న ఇనుము సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆ మధ్యాహ్నం ఒక టిక్కు క్లిప్పు నా చేతిలోంచి జారి మంచం మీద పడింది. చిన్నపిల్లలకి చెవి పైన పెడతారే, నొక్కితే టిక్కుమని మూసుకునే రేకు క్లిప్పు, అది. ఆయన దాన్ని వేళ్ళతో వెతికి పట్టుకున్నాడు. అటు వంచాడు, ఇటు వంచాడు.

"ఇందులో స్ప్రింగు నేదు. మరెలా కొట్టుకుంటందిది?" అన్నాడు.

ఆ గొంతు విని నేను గమ్ము సీసా తన్నేశాను. నాకేటి తెల్సు మావా అన్నాను. ఉన్న రకాలన్నీ తెచ్చి తన ముందు పొయ్యమన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా ఆయన క్లిప్పులు విప్పుతూనే ఉన్నాడు. చెంపపిన్ను ఒకటే తీగ, సాగగొట్టి రెండుగా మడిచింది. ఒక కాలు తిన్నగా ఉంటుంది, రెండోది అలలు అలలుగా ఉంటుంది. ఆ అలల్లోనే జుట్టు ఇరుక్కుని ఆగుతుంది. కొనలకి చిన్న బొట్టంత పూత ఉంటుంది, అది లేకపోతే నెత్తి గీరుకుపోతుంది. కొప్పుకి పెట్టే యూ పిన్నుకి సొంతంగా పట్టు లేదు, కొప్పు బిగువుగా ఉంటేనే దానికి బలం. జడ మొదట్లో పెట్టే పొడుగు క్లిప్పు కింద విల్లులాంటి పట్టీ, చివర కొక్కెం ఉంటాయి. ఇవన్నీ ఆయనకి చూడగానే అర్థమయ్యాయి. టిక్కు క్లిప్పు మాత్రం సాయంత్రం దాకా లొంగలేదు. ఆఖరికి దాని చివర రివిట్టుని గోటితో చూపించి చెప్పాడు. రేకు మొదట చదునుగానే ఉంటుందట. రెండు కాళ్ళనీ బలవంతంగా దగ్గరకి లాగి రివిట్టు కొట్టేస్తే, ఆ రేకుకి ఉండడానికి చోటు చాలక పైకి ఉబ్బుతుంది. నొక్కితే కిందకి ఉబ్బుతుంది. కిరసనాయిలు డబ్బా అడుగు నొక్కితే టప్పుమన్నట్టే.

"మనం సెయ్యొచ్చు ఇది," అన్నాడు.

చెయ్యగలమో లేదో నేను ఆలోచించలేదు. ఆయన గోడ వైపు తిరగకుండా ఉంటే చాలనుకున్నాను.

ఆయనతో పనిచేసినాయన ఒకరు కంచరపాలెంలో లేతు షాపు పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒకర్నొకరు బావా అని పిలుచుకునేవారు. ఆయన వచ్చి, మంచం మీద మనిషి చెప్పిన కొలతలన్నీ విని, ఒక అచ్చు కోసి తెచ్చాడు. పాత చేతి ప్రెస్సొకటి దొరికితే దాన్ని పలక మీద బిగించి, ఆ పలకని మంచానికి అడ్డంగా వేశాడు. దిండ్లు ఆనించి కూర్చోబెడితే మా ఆయన రెండు చేతులతో ప్రెస్సు పిడి లాగగలిగేవాడు. రేకు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. పోర్టులో సరుకు కట్టలకి చుట్టి వచ్చే ఇనప పట్టీలు పాత సామాన్ల కొట్లలో కుప్పలుగా పడి ఉండేవి. అవి నేను చుట్టచుట్టి నెత్తిన పెట్టుకొచ్చేదాన్ని. పట్టీని సాపు చేసి, ముక్కలు కోసి అచ్చులో పెట్టడం నా పని. పిడి లాగడం ఆయన పని. తర్వాత అంచులు ఆకురాయితో అరగదియ్యడం, చిన్న సుత్తితో రివిట్టు కొట్టడం, నల్లరంగులో ముంచి వరండాలో తాడుకి ఆరగట్టడం, ఇవన్నీ నావే.

మొదట చేసినవి రివిట్టు దగ్గర పుటుక్కున విరిగాయి. గట్టిదనం ఎక్కువైందని పొట్టు పొయ్యిలో ఎర్రగా కాల్పించాడు. అవి మెత్తబడి, నొక్కితే నొక్కినట్టే ఉండిపోయాయి. రోజుల తరబడి అలా కాల్చాం, చల్లార్చాం, పారేశాం. బియ్యం డబ్బా అడుగు కనిపిస్తున్నప్పుడు ఇనుం కాల్చుకుంటూ కూర్చోవడం పిచ్చితనమని ఇరుగుపొరుగు నా ముందే అనేవారు. ఒకరోజు పొయ్యి సగం ఆరిపోయిన వేళ రేకు నెమలి మెడ రంగుకి తిరిగింది. తీసెయ్, బూడిదలో పెట్టెయ్ అని ఆయన మంచం మీంచి కేక పెట్టాడు. ఆ క్లిప్పు చల్లారాక టిక్కుమంది. వందసార్లు నొక్కినా టిక్కుమంటూనే ఉంది. ఆయన నవ్వాడు. నేను గదిలో పొయ్యి మూలకి వెళ్ళి ఏడ్చాను.

బళ్ళు తెరిచే రోజులు. ఫ్యాన్సీ షాపతను చూసి, బాగున్నాయి, ఎన్నైనా తెమ్మన్నాడు. ఆ నెలంతా మేం మనుషుల్లా బతికాం.

ఆ నెలాఖరులో ఆయనకి జ్వరం తగిలింది. నడుం కింద పుండు పడిందని నాకప్పుడు తెలీదు. రోజూ పక్కబట్టలు ఉతుకుతూ, మందులకి తిరుగుతూ, షాపతను అడిగిన క్లిప్పులు ఆలస్యమైతే ఇంకొకరికి ఇచ్చేస్తాడన్న భయంతో, ఒక విడత క్లిప్పుల్ని అంచులు అరగదియ్యకుండానే రంగులో ముంచేశాను. రంగు కింద ఏం కనిపిస్తుందిలే అనుకున్నాను. అంతే నేను చేసింది.

వానలు పట్టాక ఒక ఉదయం ఒకామె మా వరండాలోకి వచ్చింది. రేవులో చేపలు తెచ్చి మార్కెట్లో అమ్ముకునే మనిషి. ఖాళీ తట్ట చంకలో ఉంది, ఇంకో చేత్తో ఆరేడేళ్ళ పాపని పట్టుకుంది. షాపతను మా ఇల్లు చూపించి పంపాడట. ఆమె అరవలేదు. పాప తలని నా వైపు తిప్పింది.

"ఈ క్లిప్పు నువ్వు సేసిందేనంట కదా. నా గుంట తల సూడు," అంది.

చెవి పైన జుట్టు గుండ్రంగా కత్తిరించేసి ఉంది. మధ్యలో పుండు, అర్ధరూపాయి బిళ్ళంత. చీము కట్టి, డాక్టరు కోసి శుభ్రం చేశాడట. ఉప్పుగాలికీ చెమటకీ రంగు పెచ్చులూడి, క్లిప్పు తుప్పు పట్టి, అంచు నెత్తిలోకి దిగింది. పాప ఏడవడం లేదు, నన్ను చూసి తల్లి వెనక్కి జరిగింది.

లోపల్నుంచి ఆయన ఆ క్లిప్పు ఒకసారి ఇమ్మన్నాడు. ఇచ్చాను. అంచు వెంట బొటనవేలు నడిపాడు. తర్వాత నన్ను అడిగాడు.

"ఇది అరగదీసావేటి?"

"తీసాను," అన్నాను.

ఆయన నా ముఖం చూడలేదు. గుమ్మంలో ఉన్నామెతో అచ్చులోనే తప్పుందమ్మా, అచ్చు నాది, తప్పు నాది, అన్నాడు. లేవలేని మనిషి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆమె కాసేపు ఆ మంచాన్నీ ప్రెస్సునీ చూసి, పాపని తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాటికి షాపులో మిగిలిన క్లిప్పులన్నీ గోనెసంచిలో తిరిగొచ్చాయి. ఇంక తేవద్దన్నారు. ఆయన ప్రెస్సు తీయించేసి గోడ వైపు తిరిగాడు. గంజి కూడా తాగలేదు. నేను సంచి ముందు కూర్చుని ఒక్కొక్క క్లిప్పే తీసి తుప్పు గోకి, అంచు అరగదీశాను. అమ్ముడుపోతాయని కాదు. ఇంకేం చెయ్యాలో తోచక. వేళ్ళ చివర్లు చిట్లాయి, రక్తం ఆకురాయికి అంటుకుంటుంటే కడుక్కుని మళ్ళీ కూర్చున్నాను. ఆ రోజుల్లో, ఈ మనిషి పోతే బాగుండునని ఒకసారి అనుకున్నాను. నేను పోతే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

మూడోరోజున గోడ వైపు తిరిగే అన్నాడు. "పదేళ్ళు ఇనుం పట్టుకున్నోణ్ణి. ఏలు పెడితే తెల్దేటి నాకు? అప్పుడే సెప్పుంటే బాగుణ్ణు."

నేను ఆకురాయి పక్కన పెట్టి మంచం దగ్గరికి జరిగాను. జ్వరం సంగతి, భయం సంగతి అన్నీ చెప్పాను. ఆ పూట ఆయన గంజి తాగాడు.

ఆ మర్నాడు చేపల బజారుకి వెళ్ళి ఆమెని వెతికి పట్టుకున్నాను. అచ్చు తప్పు కాదని, అంచు తియ్యనిది నేనేనని చెప్పాను. ఆమె కత్తిపీట మీద వంజరం కోస్తోంది, చెయ్యి ఆపలేదు. కోసిన ముక్కలు బేరానికొచ్చినాయనకిచ్చి పంపాక నా వైపు తిరిగింది.

"గుంటకి మానిపోనాది. జుట్టొత్తాదో రాదో మరి," అంది. నేను కదలకపోయేసరికి మళ్ళీ అంది. "ఈ గాలికి ఇనుమాగుద్దేటి, ఎర్రిదానా? మా గేలాలకి తగరం పూత ఉంటాది. పూత నేకుండా ఎవులైనా సేత్తారా?"

క్షమించిందో లేదో నాకు తెలీదు. మాట మాత్రం మంచిది చెప్పింది. ఇంటికొచ్చి చెబితే ఆయన సంచిలోంచి ఒక క్లిప్పు తీసిమ్మన్నాడు. తగరం కరిగే వేడికి క్లిప్పు పదును, అంటే ఆ టిక్కుమనే బిగువు, పోదన్నాడు. మా సందు చివర ఇత్తడి గిన్నెలకి కళాయి వేసే ముసలాయన ఉండేవాడు. ఆయన కొలిమిలోనే మా క్లిప్పుల్ని నవాసాగరంతో తుడిచి తగరంలో ముంచాం. తెల్లగా, వెండిలా వచ్చాయి. వాటిని వరండాలో ఉప్పునీళ్ళ గిన్నెలో నెల్లాళ్ళు ఉంచి, ఆ గిన్నెతో సహా షాపుకి పట్టుకెళ్ళాను. షాపతను తీసుకున్నాడు. ప్రెస్సు మళ్ళీ మంచం మీదికి వచ్చింది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. సుఖంగా అనలేను. పుండు మానడం, మళ్ళీ పడడం. కానీ పొద్దున్న లేస్తే ఆయనకొక పని ఉండేది.

రెండువేల సంవత్సరం దాటాక ప్లాస్టిక్‌వి వచ్చిపడ్డాయి. సీతాకోకచిలుకలు, పువ్వులు, కొప్పంతా ఒక్కసారే పట్టేసే పళ్ళ క్లిప్పులు. షాపతను డొంకతిరుగుడు లేకుండా చెప్పేశాడు, ఇనప క్లిప్పు ఎవరూ అడగడం లేదమ్మా, ఇంక వద్దని. పళ్ళ క్లిప్పొకటి ఇంటికి తెచ్చి ఊరికే చూడమన్నట్టు ఇచ్చాను. రెండు ముక్కలు, మధ్య స్ప్రింగు, దాని గుండా ఒక పుల్ల. రెండు నిమిషాల్లో విప్పేసి మళ్ళీ బిగించాడు.

"సులువే. కానీ పలాస్టిక్కు కరిగించి పోసే పెద్ద మిషను కావాల. మంచం మీద అయ్యేది కాదు," అని నా చేతిలో పెట్టేశాడు. మనవి ఆగిపోయాయా అని అడగలేదు. నేనూ చెప్పలేదు.

చెప్పకపోవడమే కాదు, అబద్ధం నడిపాను. షాపతను జాలిపడి నన్ను కౌంటరు దగ్గర అమ్మే పనికి పెట్టుకున్నాడు. పొద్దంతా ఆ ప్లాస్టిక్ క్లిప్పులే అమ్మేదాన్ని. ఉదయం వెళ్తూ మా క్లిప్పుల సంచి పట్టుకెళ్ళి, పక్కింటామె అటక మీద పెట్టేదాన్ని. షాపులో మన క్లిప్పులే అమ్ముతున్నానని ఆయనకి చెప్పేదాన్ని. వచ్చేటప్పుడు కొత్త పట్టీలు తెచ్చేదాన్ని. ఆయన పిడి లాగుతూనే ఉన్నాడు. భుజాలు బక్కచిక్కిపోయాయి. అచ్చు పడిన ప్రతి చప్పుడూ నాకు గుండెలో పడేది. ఒకసారి మోసపోయిన మనిషినే మళ్ళీ మోసం చేస్తున్నానని తెలుసు. ఆపితే గోడ వైపు తిరుగుతాడని కూడా తెలుసు. ఎనిమిది నెలలు అలా చేశాను.

ఒకరోజు పట్టీల చుట్ట కింద పెడుతుంటే అన్నాడు. "రేపట్నించి పట్టీ తేకు."

ఎందుకు మావా అన్నాను.

"సేతులు నొప్పెడతన్నాయి," అన్నాడు. పక్కింటామె చెప్పిందో, ఆయనే పోల్చుకున్నాడో నేను అడగలేదు. ఆ వానాకాలం పుండు ఎముక దాకా వెళ్ళింది. ఆసుపత్రిలో చేర్చిన పన్నెండో రోజున పోయాడు.

నెల తర్వాత అటక ఖాళీ చేసివ్వమని పక్కింటామె మొహమాటంగా అడిగింది. మూడు గోనెసంచులు దించాను. పాత సామాన్ల కొట్టుకి వేసేద్దామని రిక్షా పిలిచి కూడా తిప్పి పంపేశాను. తర్వాత మధురవాడ అవతల ఇంటికి మారినప్పుడు ఒక సంచి వెంట తెచ్చుకున్నాను, తక్కినవి పాత సందు పిల్లలకి దోసిళ్ళతో పంచేశాను. ఇవ్వబోయే ముందు ప్రతి క్లిప్పు అంచునీ వేలితో తడిమి చూశాను. సాయంత్రం దాకా పట్టింది.