మొదటి బొమ్మ, చివరి బొమ్మ

నరసరావుపేటలో మా స్కూలుకి ఎనభై ఆరులో ఒక కంప్యూటరొచ్చింది. ట్రైనింగంటే మేష్టార్లమంతా జంకి, లెక్కల టీచరు దయామణిని ముందుకు తోశాం. ఆమె నేర్చుకొచ్చింది. ఇక మా కడుపుమంట చూడాలి!

కరస్పాండెంటు ప్రభాకరరావుగారు వస్తే మేమంతా నడుం వంచి నమస్కారం పెట్టేవాళ్లం. దయామణి మాత్రం నిటారుగా నిలబడే చేతులు జోడించేది. వాళ్లమ్మ ఆయన మిరపచేలో కూలికి వంగిన వంగుడు తమ ఇంటికంతా సరిపోతుందనేది.

ఆ ఏడు వార్షికోత్సవానికి హెడ్‌మాస్టరు పంతం పట్టాడు. కంప్యూటర్లో ఒక ఆడమనిషి బొమ్మ కదిలి కరస్పాండెంటుగారికి వంగి నమస్కారం పెట్టాలట. కాదంటే కంప్యూటరు గది తాళంచెవి ఇంకొకరికిస్తాడట. ఆ గదన్నా, అక్కడ నేర్చుకునే పిల్లలన్నా దయామణికి ప్రాణం. సరేనంది.

మొదటి బొమ్మా, చివరి బొమ్మా మనమిస్తే మధ్యలోవి కంప్యూటరే గీసుకుంటుంది. ఆమె నిలబడ్డ మనిషినీ, వంగిన మనిషినీ ఇచ్చింది. నడిపిస్తే సగం దారిలో మనిషి కురచైపోయింది. నడుం దగ్గర మడత పడాల్సింది పోయి, తల అడ్డదారిన తిన్నగా కిందికి దిగుతోంది.

"దీనికి ఎన్నుపూసనేది ఒకటుంటదని తెలీదు" అని నవ్వి, సగం వంగిన బొమ్మ ఇంకొకటి మధ్యలో ఇచ్చింది. అప్పుడు మనిషి మనిషిలా వంగింది. హెడ్‌మాస్టరు మురిసిపోయాడు.

వార్షికోత్సవం రోజు కంప్యూటరుని కలర్ టీవీకి తగిలించారు. ప్రభాకరరావుగారు ముందు కుర్చీలో కూర్చున్నారు. తెర మీద వంగి ఉన్న ఆడమనిషి కనబడింది. మెల్లగా నడుం ఎత్తింది. నిటారుగా నిలబడి, అక్కడే ఆగిపోయింది. బొమ్మలు అవే మూడు. దయామణి వరస తిరగేసింది, అంతే.

యంత్రంలో ఏదో లోపమని హెడ్‌మాస్టరు సర్దబోయాడు.

"లోపమేం లేదండీ" అంది దయామణి, అందరికీ వినబడేలా. "మొదలేందో చివరేందో దానికి మనమే చెప్పాల. నేనిట్టా చెప్పా."

హెడ్‌మాస్టరు మొహం మాడిపోయింది. ఒక్కసారి వరస మార్చి చూపిస్తే గది ఆమెకే ఉంచుతానని చెవిలో గొణిగాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తాళంచెవి తీసి బల్ల మీద పెట్టేసింది.

"వంచేవాళ్లెవరన్నా ఉంటే పిలుచుకోండి."

అంతమంది కడుపుమంటగాళ్లం అక్కడే ఉన్నాం. ఆ తాళంచెవి కోసం మాలో ఒక్కరమూ లేవలేదు.